డాలరు బిల్లా, రూపాయి బిల్లా? తిరుపతి, చిత్తూరు ఫ్రీలాన్సర్లకు ఎంపిక లెక్కలు

2022 జనవరిలో డాలరు 74 రూపాయల చిల్లర. అదే ఏడాది అక్టోబరుకు 83 తాకింది. 2025 డిసెంబరు 3న తొలిసారి 90 దాటింది. నాలుగేళ్లలో డాలరు ధర ఇంచుమించు 20 శాతం పెరిగిందన్నమాట. రూపాయి పడితే ఫ్రీలాన్సర్లకు పండగేనని చాలామంది అనుకుంటారు. విదేశీ క్లయింటుకు డాలర్లలో బిల్లు వేసి, ఆ డబ్బును తక్కువ కోతతో తెచ్చుకునేవాళ్ల విషయంలో అది నిజమే. రూపాయల్లో రేటు ఒప్పుకుని, సర్వర్లూ సాఫ్ట్‌వేర్లూ డాలర్లలో కొనుక్కునేవాళ్లకు మాత్రం ప్రతి నెలా ఖర్చు పెరుగుతుంది, రాబడి అక్కడే ఉంటుంది.

డాలరు రేటు ఏడాదికి సగటున నాలుగైదు శాతం పెరుగుతోంది. డబ్బు చేతికి వచ్చే దారిలో పోయేది ఒక్కోసారి ఎనిమిది శాతం దాటుతుంది. అందుకే రోజూ పొద్దున్నే రేటు చూసుకోవడం కన్నా ముందు తేల్చుకోవాల్సినవి రెండున్నాయి: ఏ కరెన్సీలో బిల్లు వేయాలి, ఏ దారిలో డబ్బు తెప్పించుకోవాలి. ఎప్పుడు రూపాయల్లోకి మార్చాలన్నది వాటి తర్వాతి మాట, దాని విలువ కూడా తక్కువే.

ఏ కరెన్సీలో రేటు చెప్పాలి

క్లయింటు అమెరికాలో ఉంటే డాలర్లు, జర్మనీలో ఉంటే యూరోలు, లండన్‌లో ఉంటే పౌండ్లు. అతని సొంత కరెన్సీలో బిల్లు వేయడమే మంచిది. యూరో ఖాతా ఉన్నవాడిని డాలర్లలో కట్టమంటే అతని బ్యాంకు ఒకసారి మారుస్తుంది, మీ బ్యాంకు ఇంకోసారి మారుస్తుంది. ఆ రెండు కోతల భారం చివరికి మీ రేటు మీదే పడుతుంది.

రూపాయి డాలరుతో పోలిస్తే పడింది కాబట్టి అన్ని కరెన్సీలతోనూ అంతే పడిందనుకోవద్దు. 2025లో యూరో 89 రూపాయల దగ్గర మొదలై డిసెంబరుకు 105 ప్రాంతానికి చేరింది. ఆ ఏడాది యూరో బిల్లు వేసినవాళ్లకు డాలరు బిల్లు వేసినవాళ్ల కన్నా బాగా గిట్టింది. జపాన్ యెన్ కథ దీనికి తలకిందులు. 2020లో 70 పైసల దగ్గర ఉన్న యెన్ 2024 మధ్యకల్లా 55 పైసల లోపుకు దిగిపోయింది. జపనీస్ అనువాదం చేస్తూ యెన్‌లలో దీర్ఘకాల ఒప్పందం రాసుకున్నవాళ్లకు రూపాయి బలహీనపడినా రాబడి తగ్గింది. యెన్ అయితే ఒప్పందం ఏడాదికి మించి ఉండకూడదు, లేదా డాలర్లలో అడగాలి.

తిరుపతిలో తరచూ కనిపించే ఇంకో కేసు ఉంది. బైరాగిపట్టెడలోనో కొర్లగుంటలోనో ఇంట్లో కూర్చుని డల్లాస్, న్యూజెర్సీ పిల్లలకు ఆన్‌లైన్‌లో అన్నమాచార్య కీర్తనలు, సంస్కృతం, లెక్కలు చెప్పే టీచర్లు. ఫీజు నెలకు 4,000 రూపాయలని చెబుతారు. తల్లిదండ్రులు ఇక్కడి ఎన్‌ఆర్‌ఓ ఖాతా (ప్రవాసులు మన బ్యాంకులో పెట్టుకునే రూపాయి ఖాతా) నుంచో, ఊళ్లో ఉన్న తాతగారి ఖాతా నుంచో యూపీఐ కొడతారు. 2022 మొదట్లో ఆ 4,000 వాళ్లకు దాదాపు 54 డాలర్లు. డాలరు 90 అయ్యాక 44 డాలర్లు. టీచరు రేటు మార్చలేదు గానీ అవతలివాళ్లకు ఫీజు 17 శాతం తగ్గింది. రూపాయి పతనం లాభమంతా డల్లాస్‌లోనే ఉండిపోయింది. మొహమాటం పక్కనపెట్టి కొత్త బ్యాచ్ నుంచి 50 డాలర్లు అని చెప్పండి. పాత పిల్లలకు వచ్చే విద్యా సంవత్సరం నుంచి మార్చండి, మధ్యలో మారిస్తే మాట వస్తుంది. తాతగారి ఖాతా నుంచి వచ్చిన రూపాయిలో జీఎస్టీ చిక్కు కూడా ఉంది. అది విదేశీ మారకంలో వచ్చిన డబ్బు కాదు కాబట్టి సేవల ఎగుమతిగా చూపించడం కష్టం. రిజిస్ట్రేషన్ పరిధిలోకి వచ్చాక దాని మీద 18 శాతం పన్ను అడిగే అవకాశం ఉంటుంది.

శ్రీసిటీ పారిశ్రామిక ప్రాంతంలోని విదేశీ కంపెనీలకు క్యాడ్ డ్రాయింగులు, అనువాదాలు, శిక్షణ వీడియోలు చేసేవాళ్ల పరిస్థితి వేరు. మాతృసంస్థ జపాన్‌దైనా కొరియాదైనా మీకు డబ్బు కట్టేది ఇక్కడ నమోదైన భారతీయ కంపెనీ. బిల్లు రూపాయల్లోనే ఉంటుంది, సాంకేతిక, వృత్తి సేవలైతే టీడీఎస్ (ముందే పట్టుకునే ఆదాయపు పన్ను) కోస్తారు. మారకం రేటుతో మీకు వచ్చేదేమీ లేదు, పోయేది మాత్రం ఉంది. ఇక్కడ పనికొచ్చేది ఒప్పందంలో ఒక వాక్యం: "సాఫ్ట్‌వేర్ లైసెన్సులు, క్లౌడ్ ఖర్చులు విడిగా, కొన్న రోజు రేటు ప్రకారం." మీ శ్రమ రేటును డాలరుకు కట్టమంటే కొనుగోలు విభాగం ఒప్పుకోదు. ఖర్చుల పద్దును విడగొట్టమంటే మాత్రం చాలాసార్లు ఒప్పుకుంటారు.

రూపాయి బాగా పడినప్పుడు విదేశీ క్లయింటే "మీకు ఎక్కువ వస్తోంది కదా, రేటు తగ్గించండి" అని అడగడమూ ఉంది. తగ్గించకండి. మన దేశం వాడే ముడి చమురులో 85 శాతానికి పైగా దిగుమతి చేసుకున్నదే. ల్యాప్‌టాప్, ఫోన్, కెమెరా లెన్సు అన్నీ డాలరుతో పాటే పైకి పోతాయి. తగ్గించాల్సి వస్తే గంట రేటు కాకుండా పని పరిమాణం చూపి తగ్గించండి: మూడు నెలల పని ఒకేసారి ఖాయం చేస్తే 5 శాతం, అంతకు మించి వద్దు. ఒకసారి దించిన గంట రేటు రూపాయి కోలుకున్నాక కూడా పైకి రాదు.

డబ్బు వచ్చే దారి: అసలు తేడా ఇక్కడే

లెక్క కోసం డాలరు 90 రూపాయలనుకుందాం. ఇది గూగుల్‌లో కనిపించే మధ్య రేటు. ఆ రేటుకు డాలర్లు కొనే బ్యాంకు ఉండదు. బ్యాంకు మీ దగ్గర కొనే రేటును టీటీ బయింగ్ అంటారు, అది మధ్య రేటుకు అరశాతం నుంచి రెండు శాతం దాకా తక్కువ ఉంటుంది. బ్యాంకుల ఫారెక్స్ కార్డు రేట్ల పట్టికలో చూడాల్సిన వరుస అదే. పక్కనున్న టీటీ సెల్లింగ్ చూసి సంతోషపడొద్దు, అది మీరు కొనేటప్పటి రేటు.

పోల్చిన నాలుగు దారులు ఇవి. ఒకటి, పేపాల్: 4.4 శాతం, దాని మీద 30 సెంట్లు, మార్పిడిలో ఇంకో 4 శాతం. రెండు, బ్యాంకుకు నేరుగా స్విఫ్ట్ వైర్, అంటే విదేశీ బ్యాంకు నుంచి మన బ్యాంకుకు వచ్చే బదిలీ: మధ్యలోని కరస్పాండెంట్ బ్యాంకు 20 డాలర్లు పట్టుకుంటుందని, మన బ్యాంకు రేటులో ఒక శాతం తీసుకుంటుందని, ఛార్జీ 250 రూపాయలు, దాని మీద 18 శాతం పన్ను అని అనుకున్నాం. మూడు, మీ పేరు మీద అమెరికాలో ఒక స్థానిక ఖాతా నంబరిచ్చి, క్లయింటు అక్కడి మామూలు బ్యాంకు బదిలీతో కట్టగానే రూపాయల్లో పంపే కలెక్షన్ ఖాతా: మొత్తం ఫీజు ఒక శాతం, దాని మీద జీఎస్టీ. నాలుగు, అదే రకం ఖాతా గానీ మొత్తంతో పనిలేకుండా ఒక్కో బదిలీకి 20 డాలర్ల ఫీజు, దాని మీద జీఎస్టీ.

| దారి | 300 డాలర్లకు చేతికొచ్చేది | 1,000 డాలర్లకు | 5,000 డాలర్లకు |
|---|---|---|---|
| పేపాల్ | రూ. 24,754 | రూ. 82,572 | రూ. 4,12,966 |
| స్విఫ్ట్ వైర్ | రూ. 24,608 | రూ. 86,866 | రూ. 4,42,934 |
| కలెక్షన్ ఖాతా, 1 శాతం | రూ. 26,681 | రూ. 88,938 | రూ. 4,44,690 |
| కలెక్షన్ ఖాతా, 20 డాలర్లు | రూ. 24,876 | రూ. 87,876 | రూ. 4,47,876 |

కోత లేకుండా అయితే వరుసగా 27,000, 90,000, 4,50,000 రావాలి. వెయ్యి డాలర్ల వరుస చూడండి. పేపాల్‌లోనే ఉంటూ కలెక్షన్ ఖాతా ఇచ్చే 88,938 రూపాయలు రావాలంటే డాలరు 97 రూపాయలకు చేరాలి. రూపాయి అంత పడేదాకా ఎదురుచూసే బదులు ఒక్క పూట కూర్చుని ఖాతా తెరుచుకోవడం నయం.

మూడు వందల డాలర్ల దగ్గర పేపాల్, వైర్ దాదాపు సమానం. వైర్‌లో ఆ 20 డాలర్లు, ఛార్జీ మొత్తాన్ని బట్టి కాకుండా ఒక్కో బదిలీకి పడతాయి కాబట్టి చిన్న బిల్లులకు అది దండగ. రెండు వేల డాలర్లు దాటాక స్థిర ఫీజు ఖాతా ముందుకొస్తుంది. నెలకు నాలుగు చిన్న బిల్లులు వేసే అలవాటుంటే క్లయింటును ఒప్పించి నెలాఖరున ఒకే బిల్లు చేయండి.

పట్టికలో విడిగా కనిపించని పన్ను ఒకటుంది, వైర్ వరుసలో దాన్ని తీసేసే చూపాం. బ్యాంకు డాలర్లను రూపాయల్లోకి మార్చడం కూడా జీఎస్టీ పడే సేవే. లక్ష రూపాయల దాకా మార్చిన మొత్తంలో ఒక శాతాన్ని, కనీసం 250 రూపాయలను, సేవ విలువగా లెక్కగట్టి దాని మీద 18 శాతం వేస్తారు. అంటే ఎంత చిన్న బదిలీకైనా 45 రూపాయలు. లక్ష నుంచి పది లక్షల దాకా సేవ విలువ 1,000 రూపాయలతో పాటు, లక్ష దాటిన మొత్తంలో అరశాతం. స్టేట్‌మెంట్‌లో 157 రూపాయలో 162 రూపాయలో తెలియని కోత కనిపిస్తే చాలాసార్లు అదే.

కలెక్షన్ ఖాతాల్లో పేయోనీర్ అందరికీ తెలిసిందే. అందులో అందుకునేటప్పుడు ఒక కోత, రూపాయల్లోకి తీసేటప్పుడు ఇంకో కోత ఉండొచ్చు, రెండూ కలిపి చూడాలి. "ఫీజు సున్నా" అనే ప్రకటనలకు మోసపోకండి. ఫీజు లేనివాళ్లు రేటులో తీసుకుంటారు. చూడాల్సిన లెక్క ఒకటే: ఖాతాలో పడిన రూపాయలను బిల్లులోని డాలర్లతో భాగించి, ఆ రోజు మధ్య రేటుతో పోల్చండి. మూడు నెలలు ఇలా రాసుకుంటే ఏ దారి ఎంత తింటోందో తెలిసిపోతుంది. కొత్త సంస్థను ఎంచుకునేటప్పుడు దానికి రిజర్వు బ్యాంకు నుంచి సరిహద్దు దాటే చెల్లింపుల అగ్రిగేటరుగా అనుమతి ఉందో, లేక అనుమతి ఉన్న బ్యాంకుతో కలిసి పనిచేస్తోందో చూడండి. ఈ నిబంధనలు 2023 అక్టోబరు 31న వచ్చాయి. ఒక్కో లావాదేవీకి పరిమితి 25 లక్షల రూపాయలు, మనకు అది అడ్డు కాదు.

వైర్ ఎంచుకుంటే బ్యాంకులో పొరపాట్లు జరిగే చోట్లు

పుత్తూరు, నగరి, పలమనేరు, కుప్పం వంటి చోట్ల చాలా శాఖల్లో విదేశీ మారకం పని నేరుగా జరగదు. డబ్బు వేరే ఊళ్లోని ఫారెక్స్ కేంద్రానికి వచ్చి అక్కడినుంచి మీ ఖాతాకు వస్తుంది. శాఖకు సొంత స్విఫ్ట్ కోడ్ లేకపోతే ఏ కోడ్ వాడాలో, ఏ కరస్పాండెంట్ బ్యాంకు ద్వారా పంపాలో కాగితం మీద రాయించుకోండి. క్లయింటుకు ఇవ్వాల్సింది మీ పూర్తి పేరు, ఖాతా నంబరు, శాఖ చిరునామా, ఆ స్విఫ్ట్ కోడ్. ఐఎఫ్‌ఎస్‌సీ కోడ్ ఒక్కటే ఇస్తే విదేశీ బ్యాంకుకు దానితో పనిలేదు.

మన పేర్లతో వచ్చే చిక్కు మరీ ఎక్కువ. బ్యాంకులో "కె. వెంకటేశ్", పాన్ కార్డులో ఇంటిపేరుతో సహా పూర్తి పేరు, ఇన్వాయిస్ మీద "వెంకీ డిజైన్స్". ఈ మూడూ కలవకపోతే డబ్బు తనిఖీలో ఆగిపోతుంది, ఒక్కోసారి వారం పదిరోజుల తర్వాత ఛార్జీలు పోను వెనక్కి వెళ్లిపోతుంది. ముందు ఖాతా పేరును పాన్‌కు సరిపోయేలా మార్పించండి. ఇన్వాయిస్ మీద కూడా అదే పేరు పెట్టి, బ్రాండ్ పేరు కింద చిన్నగా రాసుకోండి.

తర్వాతది పర్పస్ కోడ్. విదేశం నుంచి వచ్చే ప్రతి బదిలీకీ ఎందుకొచ్చిందో చెప్పే కోడ్ వేస్తారు. సాఫ్ట్‌వేర్ కన్సల్టెన్సీకి పీ0802, వ్యాపార, మేనేజ్‌మెంట్ సలహాకు పీ1006. రాయచోటి, రాజంపేట, కడప వైపు కువైట్ డబ్బు ఎక్కువగా చూసే సిబ్బందికి చెయ్యి అలవాటుగా పీ1301 మీదికి పోతుంది. అది కుటుంబ పోషణకు ప్రవాసులు పంపే డబ్బు కోడ్. ఆ కోడ్ పడితే మీ బిల్లు రికార్డుల్లో సేవల ఎగుమతిగా నిలబడదు. తర్వాత జీఎస్టీ రిఫండు దగ్గరో, ఆదాయపు పన్ను నోటీసు దగ్గరో వివరణ ఇచ్చుకోవాలి. మొదటి వైర్ రాకముందే కోడ్ రాసి, ఇన్వాయిస్ జతచేసి శాఖకు మెయిల్ చేయండి. తప్పు పడితే అదే నెలలో సరిదిద్దించుకోండి, ఏడాది తర్వాత అడిగితే ఎవరూ ముట్టుకోరు.

డబ్బు పడ్డాక ఇన్వర్డ్ రెమిటెన్స్ అడ్వైస్ అడిగి తీసుకోండి. పంపినవారి పేరు, విదేశీ మొత్తం, రేటు, కోడ్ అందులో ఉంటాయి. పేపాల్, కలెక్షన్ సంస్థలు కూడా ఇలాంటి పత్రం ఇస్తాయి. ఇవ్వనివాళ్ల దగ్గర ఖాతా తెరవొద్దు.

రేటు విషయంలో అడగడానికి సిగ్గుపడొద్దు. మూడు, నాలుగు వేల డాలర్లు దాటిన వైర్ వస్తుంటే ముందురోజే ఫోన్ చేసి "నా మాట లేకుండా మార్చొద్దు, రేటు చెప్పండి" అని మెయిల్ పెట్టండి. చెప్పకపోతే వాళ్ల కార్డు రేటుకు మార్చేస్తారు. అడిగితే కార్డు రేటు కన్నా 30, 40 పైసలు మెరుగ్గా ఇచ్చే సందర్భాలున్నాయి. 5,000 డాలర్ల మీద 40 పైసలంటే రెండు వేల రూపాయలు, ఒక ఫోను కాల్‌కు బాగానే గిట్టుబాటు.

ఛార్జీలెవరివన్నది కూడా ఇన్వాయిస్ మీద రాయండి. స్విఫ్ట్‌లో పంపేవాడు అన్ని ఛార్జీలూ తానే భరించే పద్ధతి, ఇద్దరూ పంచుకునే పద్ధతి, అందుకునేవాడే భరించే పద్ధతి ఉన్నాయి. రాయకపోతే సాధారణంగా పంచుకునేది పడుతుంది, వెయ్యి డాలర్ల బిల్లుకు 980 వస్తుంది.

మార్కెట్‌ప్లేస్‌లు, క్రిప్టో

ఫ్రీలాన్సర్లకు పని ఇప్పించే వెబ్‌సైట్లలో ఫైవర్ 20 శాతం కమిషను తీసుకుంటుంది. అప్‌వర్క్‌లో 2025 మే నుంచి ఒప్పందాన్ని బట్టి సున్నా నుంచి 15 శాతం దాకా. రూపాయి ఎంత పడినా ఆ లాభం ఈ కోతల ముందు నిలవదు. పని దొరకడానికి ఇవి మంచివే. దొరికిన క్లయింటును నిబంధనలు దాటి బయటికి లాగితే ఖాతా పోతుంది, అలా చేయకుండా కొత్త క్లయింట్లలో కొందరినైనా నేరుగా సంపాదించుకోవడం మేలు.

టెలిగ్రామ్‌లో "యూఎస్‌డీటీలో (డాలరు విలువకు కట్టిన క్రిప్టో) తీసుకో, మంచి రేటు వస్తుంది" అని చెప్పేవాళ్లున్నారు. ఆ మాట వినొద్దు. క్రిప్టో లాభంపై 30 శాతం పన్ను, అమ్మేటప్పుడు ఒక శాతం టీడీఎస్, రెండూ 2022 నుంచి ఉన్నాయి. అలా వచ్చింది విదేశీ మారకంలో అందిన ఎగుమతి రాబడి కిందికి రాదు. అన్నిటికన్నా పెద్ద ప్రమాదం వేరే ఉంది. పీటూపీలో, అంటే మనిషికి మనిషి నేరుగా అమ్ముకునే చోట, మీకు రూపాయలు వేసిన అపరిచితుడు సైబర్ మోసం డబ్బు వేసి ఉంటే, ఎక్కడో వేరే రాష్ట్రం పోలీసుల ఫిర్యాదుతో మీ ఖాతా స్తంభిస్తుంది. దాన్ని తెరిపించుకోవడానికి తిరిగేసరికి మంచి రేటు ముచ్చట తీరిపోతుంది.

ఎప్పుడు మార్చాలి: దాచితే లాభమా?

2013 ఆగస్టు 28న డాలరు 68 దాటినప్పుడు, ఇంకా పెరుగుతుందని ఆపుకున్నవాళ్లు అక్టోబరుకు 61, 62 చూశారు. 2022 అక్టోబరులో 83 దగ్గర ఆపుకున్నవాళ్లకు 2024 సెప్టెంబరులోనూ 83 చిల్లరే కనిపించింది, రెండేళ్ల వడ్డీ నష్టం. తర్వాత ఏడాదిన్నరలోపే 90 దాటింది. ముందుగా చెప్పగలిగినవాళ్లు ఎవరూ లేరు.

పైగా దాచుకోవడానికి చట్టం ఇచ్చే వెసులుబాటు చిన్నది. ఫారెక్స్ అనుమతి ఉన్న బ్యాంకులో ఈఈఎఫ్‌సీ (విదేశీ మారకం సంపాదించేవాళ్ల విదేశీ కరెన్సీ) ఖాతా తెరిస్తే వచ్చిన డాలర్లన్నీ డాలర్లుగానే అందులో ఉంచొచ్చు. కానీ వడ్డీ రాదు. ఒక నెలలో వచ్చినదాన్ని, అనుమతి ఉన్న ఖర్చులకు వాడినది పోను, తర్వాతి నెలాఖరుకల్లా రూపాయల్లోకి మార్చాలి. జులై 5న వచ్చింది ఆగస్టు 31 దాటి ఉండకూడదు. రెండు నెలలు ఆపితే, సగటు పతనం లెక్కన, వెయ్యి డాలర్ల మీద వచ్చేది ఆరేడు వందలు. అందులోంచి పొదుపు ఖాతా వడ్డీ, ఈఈఎఫ్‌సీ నిర్వహణ ఛార్జీ తీసేస్తే టీ ఖర్చులు మిగులుతాయి, అదీ రూపాయి పడితేనే.

ఈఈఎఫ్‌సీ నిజంగా ఉపయోగపడేది డాలర్లలో ఖర్చున్నవాళ్లకు. నెలకు 500 డాలర్ల సర్వరు బిల్లు కట్టేవాడు డాలర్లు అమ్మి రూపాయలు చేసుకుని, మళ్లీ క్రెడిట్ కార్డుతో డాలర్లు కొంటే రెండు వైపులా కోత. కార్డుల్లో విదేశీ లావాదేవీ మార్కప్ (రేటు మీద అదనపు కోత) సాధారణంగా 3.5 శాతం దాకా, దాని మీద జీఎస్టీ. ఆ ఖర్చును ఈఈఎఫ్‌సీ నుంచి కడితే ఆ కోత ఉండదు. అంతకన్నా తక్కువ ఖర్చుకు మార్కప్ లేని కార్డు తీసుకోవడం తేలిక.

ఫార్వర్డ్ కాంట్రాక్టులు అంటే ముందే రేటు ఖాయం చేసుకోవడం. నెలకు రెండు మూడు వేల డాలర్లకు బ్యాంకులు దీన్ని పట్టించుకోవు. స్టాకు ఎక్స్ఛేంజి ఎన్‌ఎస్‌ఈలో కరెన్సీ ఫ్యూచర్సు (ముందు తేదీకి డాలర్లు కొనే, అమ్మే ఒప్పందాలు) లాటు వెయ్యి డాలర్లే కాబట్టి కొందరు అటు చూస్తారు. దానికి అసలు డాలరు రాబడి ఉండాలన్న నిబంధన 2024 మే నుంచి గట్టిగా అమలవుతోంది. ముందే అమ్మి పెట్టాక రూపాయి ఇంకా పడితే, క్లయింటు డబ్బు రాకముందే రోజువారీ నష్టం మీ జేబులోంచి కట్టాలి. ఫ్రీలాన్సరుకు ఇది తగని బరువు. వచ్చిన రోజు మార్చుకుని మీ పనిలో పడటమే ఉత్తమం.

రూపాయి పడితే దాటే గీతలు

నెలకు 2,000 డాలర్ల రాబడి, ఏడాదికి 24,000. డాలరు 83 ఉన్నప్పుడు అది 19,92,000 రూపాయలు. 90 అయితే 21,60,000. మీరు ఒక్క గంట కూడా ఎక్కువ పనిచేయలేదు, అయినా సేవలకు ఉన్న 20 లక్షల జీఎస్టీ రిజిస్ట్రేషన్ గీత దాటేశారు. ఎగుమతి మీద పన్ను సున్నాయే కదా అని వదిలేయడానికి వీల్లేదు, మొత్తం టర్నోవరులో ఎగుమతి కూడా కలుస్తుంది. లెక్కపెట్టాల్సింది చేతికొచ్చింది కాదు, బిల్లు విలువ. పేపాల్ కోసుకున్నదీ అందులోదే.

రిజిస్ట్రేషన్‌కు ఇంటి చిరునామా చాలు. అద్దె ఇల్లయితే ఒప్పందం, యజమాని అంగీకార పత్రం, ఎస్పీడీసీఎల్ కరెంటు బిల్లు కావాలి. బిల్లు మీద పేరు చనిపోయిన తాతదో, పాత యజమానిదో ఉంటే దరఖాస్తు అక్కడే ఆగుతుంది, ముందే చూసుకోండి. నంబరు వచ్చిన వెంటనే ఆర్‌ఎఫ్‌డీ-11 ఫారంలో ఎల్‌యూటీ (పన్ను ముందు కట్టకుండా ఎగుమతి చేయడానికి ఇచ్చే హామీ పత్రం) వేయాలి. అది మార్చి 31తో ముగుస్తుంది, ప్రతి ఏప్రిల్‌లో కొత్తది వేయాలి. మర్చిపోతే ఎగుమతి బిల్లు మీద ముందు 18 శాతం ఐజీఎస్టీ కట్టి తర్వాత రిఫండు కోసం తిరగాలి. ఏమీ లేని నెల రిటర్ను ఆలస్యమైనా రోజుకు 20 రూపాయలు.

ఆదాయపు పన్నులో ఇదే కథ. ఐటీ, ఇంజినీరింగ్, సాంకేతిక సలహా వంటి జాబితాలోని వృత్తులకు వసూళ్లలో సగాన్ని ఆదాయంగా చూపే 44ఏడీఏ పద్ధతి ఉంది. పరిమితి 50 లక్షలు, నగదు 5 శాతం లోపే ఉంటే 75 లక్షలు. 2026 ఏప్రిల్ 1 నుంచి 2025 నాటి కొత్త చట్టం రావడంతో సెక్షన్ల నంబర్లు మారాయి. 2025-26 ఆర్థిక సంవత్సరానికి కొత్త పద్ధతిలో 12 లక్షల ఆదాయం దాకా పన్ను లేదు. నెలకు 2,300 డాలర్లు సంపాదించే డెవలపరుకు 83 రేటులో వసూళ్లు 22,90,800, ఆదాయం 11,45,400, పన్ను సున్నా. 90 రేటులో వసూళ్లు 24,84,000, ఆదాయం 12,42,000, మార్జినల్ రిలీఫ్ (12 లక్షలు దాటిన మొత్తాన్ని మించి పన్ను పడకుండా ఇచ్చే ఊరట) పోను సెస్సుతో 43,680 రూపాయలు. రూపాయి పతనం తెచ్చిన 1,93,200లో అంత పన్నుకు పోతుంది. దీన్ని మార్చి 15లోపు ముందస్తు పన్నుగా కట్టాలి, లేదంటే వడ్డీ పడుతుంది. ఫిబ్రవరిలోనే పదకొండు నెలల వసూళ్లు కూడి చూసుకోండి. వీడియో ఎడిటింగ్, ట్యూషన్ వంటివి ఆ జాబితాలో తిన్నగా లేవు, అలాంటివాళ్లు ఆడిటరుతో మాట్లాడాకే ఈ పద్ధతి వాడాలి.

అమెరికా క్లయింటు డబ్ల్యూ-8బెన్ (మీరు అక్కడి పన్ను పరిధిలోని వ్యక్తి కాదని చెప్పే) ఫారం అడిగితే వెంటనే నింపి ఇవ్వండి. పని ఇక్కడినుంచే చేస్తున్నారు కాబట్టి అది అక్కడి ఆదాయం కాదు. ఫారం లేకపోతే కొన్ని సంస్థలు 30 శాతం పట్టేసుకుంటాయి.

ఎవరికి ఏది

నెలకు 500 డాలర్ల లోపు, ఇద్దరు ముగ్గురు చిన్న క్లయింట్లు: శాతం ఫీజు ఉన్న కలెక్షన్ ఖాతా. క్లయింటు కార్డుతో తప్ప కట్టనంటే పేపాల్ ఉంచుకోండి, ఆ ఎనిమిది శాతాన్ని రేటులోనే కలపండి.

నెలకు రెండు వేలు దాటి, ఒకరే క్లయింటు: స్థిర ఫీజు ఖాతాకు, మీ బ్యాంకు వైర్‌కు ఒక్కో నెల ప్రయత్నించి చేతికొచ్చిన మొత్తాన్ని పోల్చండి. వైర్ ఛార్జీలు క్లయింటే భరించి, రేటు మాట్లాడే బ్యాంకు కూడా ఉంటే వైర్ గెలవొచ్చు, లేకపోతే ఖాతానే. ఈ స్థాయిలో వృత్తి వసూళ్లకు విడిగా కరెంటు ఖాతా పెట్టుకుంటే తనిఖీలప్పుడు ఇంటి ఖర్చులతో కలవకుండా ఉంటుంది.

రూపాయి క్లయింట్లే ఉండి డాలరు ఖర్చులున్నవాళ్లు: రూపాయల్లో బిల్లు వచ్చే సాఫ్ట్‌వేర్ పథకాలు ముందు వెతకండి. ధర పెరగకముందే ఏడాది చందా ఒకేసారి కట్టండి. క్లౌడ్ ఖర్చును బిల్లులో విడి వరుసగా చూపండి.

ఆన్‌లైన్ టీచర్లకు: ఫీజు డాలర్లలో చెప్పి, మూడు నెలలకోసారి తీసుకోండి. తల్లిదండ్రులు డబ్బు పంపే యాప్ నుంచే నేరుగా మీ ఖాతాకు పంపించమనండి, కారణం దగ్గర కుటుంబ పోషణ కాకుండా సేవల ఫీజు ఎంచుకోమనండి. యాప్ ఆ కారణాన్ని ఒప్పుకోకపోతే ఆ దారి వదిలి కలెక్షన్ ఖాతా లింకు ఇవ్వండి. ఊళ్లో ఉన్న తాతగారి యూపీఐ మాత్రం వద్దు.